ఒకే లారీకి ఎన్ని పేర్లు?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర రాత్రి పదింటికి ఒక లారీకి లోడింగ్ పూర్తయిందనుకుందాం. సరుకు తేజ రకం మిర్చి, 400 టిక్కీలు (బస్తాలు). వెళ్లాల్సింది కోల్‌కతా. హమాలీలు పట్టా కప్పి తాళ్లు బిగించి, డ్రైవర్ చేతికి కాగితాలన్నీ వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. తెల్లారేలోపు ఆ ఒక్క ప్రయాణం కనీసం ఆరు చోట్ల ఆరు రకాలుగా నమోదై ఉంటుంది. కమీషన్ కొట్టు రాసిచ్చే అమ్మకం చీటీ తక్‌పట్టీలో లెక్క టిక్కీల్లో ఉంటుంది. కొన్న వ్యాపారి ట్యాలీలో అదే సరుకు కిలోల్లో ఉంటుంది. సరుకు రవాణాకు జీఎస్‌టీ కింద తీసుకోవాల్సిన ఈ-వే బిల్లు పోర్టల్‌లో దానికి 12 అంకెల నంబరు పడుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమస్తా రాసిన ఎల్‌ఆర్ (లారీ రసీదు)లో లారీ నంబరు, కిరాయి, అడ్వాన్సు ఉంటాయి. కాజా టోల్ ప్లాజా దాటగానే ఫాస్టాగ్ రికార్డు పడుతుంది. బండిలో జీపీఎస్ పెట్టె ఉంటే అది దారి పొడుగునా తన గోల తను చెప్పుకుంటూ పోతుంది.

ఈ ఆరింటినీ ఒక చోటికి తెచ్చి, సరుకు ఎక్కడుంది, ఎంతుంది, ఎప్పుడు చేరుతుంది అన్న మూడు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చేలా చేయడాన్ని లాజిస్టిక్స్ డేటా ఇంటిగ్రేషన్ అంటారు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది పైపులు అతికించే పనిలా కనిపిస్తుంది. ఇక్కడో ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారి), అక్కడో ఏపీఐ, మధ్యలో కొంత కోడ్, అంతే కదా అనిపిస్తుంది. పైపులు అతికించడానికి నిజంగానే పెద్ద టైమ్ పట్టదు. వచ్చిన రెండు రికార్డులు ఒకే లారీ గురించి, ఒకే సరుకు గురించి చెబుతున్నాయా లేదా అని తేల్చుకోవడంలోనే ప్రాజెక్టు కాలమంతా కరిగిపోతుంది.

లారీ నంబరు సంగతి

అందరి దగ్గరా ఉండేది లారీ నంబరే కాబట్టి, దాన్నే పట్టుకుని రికార్డులు కలుపుదామని ప్రతి టీమూ మొదట అనుకుంటుంది. లాజిస్టిక్స్‌లో వాడే నంబర్లలో అన్నిటికన్నా బలహీనమైనది అదే.

షిప్పింగ్ కంటైనర్ నంబరు చూడండి. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టి వచ్చేది. టైప్ చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే ఆ లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడికక్కడే పట్టేస్తుంది. రైల్వే వ్యాగన్‌కి ఉండే 11 అంకెల్లో చివరిది అలాంటిదే. జీఎస్‌టీ నంబరులోని 15 అక్షరాల్లో చివరిదీ అంతే. లారీ నంబరుకు ఈ రక్షణ లేదు. 4 బదులు 7 పడితే అది తప్పు నంబరు అవ్వదు, ఇంకెవరిదో లారీ అవుతుంది. ఆ లారీ ఆ సమయానికి నిజంగానే ఏ రాజమండ్రి దగ్గరో తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

రాసే తీరు ఇంకో తలనొప్పి. ఒకరు ఏపీ 07 అని రాస్తే ఇంకొకరు ఏపీ 7 అంటారు. ఒకరు మధ్యలో ఖాళీ వదులుతారు, ఒకరు గీత పెడతారు, సున్నా చోట ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టేవాళ్లకు కొదవే లేదు. ఖాళీలు, గీతలు తీసేయడం నాలుగు లైన్ల కోడ్. నంబరును బట్టి ఊరు చెప్పాలనుకున్నప్పుడే చిక్కు వస్తుంది. ఏపీ 07 అంటే గుంటూరు బండి, ఏపీ 16 అంటే బెజవాడ బండి అన్న లెక్క 2019 జనవరి వరకే. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. తెలంగాణ బండ్లకు టీఎస్ పోయి 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, కానీ పాత ప్లేట్లు పాతగానే తిరుగుతున్నాయి. నంబరులో మొదటి నాలుగు అక్షరాలు చూసి బ్రాంచ్ నిర్ణయించే పాత ప్రోగ్రాములు ఇలాంటి ప్రతి మార్పుకూ ఒకసారి పడకేస్తాయి.

జీఎస్‌టీ నంబరులోనూ ఇలాంటి ఉచ్చు ఒకటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36. అయితే విభజనకు ముందు నాటి ఆంధ్రప్రదేశ్ కోడ్ 28 కూడా చాలా జాబితాల్లో ఇప్పటికీ ఉంది. ఎక్కడో పుణెలోనో గుర్గావ్‌లోనో కూర్చుని రాష్ట్రాల పట్టిక కాపీ చేసుకున్న ఇంజనీరుకు ఆంధ్రప్రదేశ్ అన్న పేరు ఎదురుగా 28 కనబడుతుంది, అదే పెట్టేస్తాడు. గుంటూరు వ్యాపారుల నంబర్లన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. ఈ తప్పు ఇక్కడివాళ్లు చేయరు. 37 అన్నది ఇక్కడ ప్రతి కొట్టు బిల్లు మీదా కనిపించే అంకె.

ముప్పై అయిదు కిలోమీటర్ల చీకటి

లారీ, సరుకు, ప్రయాణం అనేవి మూడు వేర్వేరు విషయాలు. వాటిని ఒకే వరసలో పెట్టడం కొత్త టీములు చేసే పెద్ద పొరపాటు. ఒక లారీలో పదిమంది సరుకు ఉండవచ్చు, అంటే పది ఈ-వే బిల్లులు. ఒక ఈ-వే బిల్లు సరుకు దారిలో రెండు మూడు బండ్లు మారవచ్చు.

విజయవాడ ఆటోనగర్ వైపు గోడౌన్లలో రోజూ జరిగేది ఇదే. లారీ నిండని చిన్న లోడు గుంటూరు నుంచి ఏదో మినీ వ్యాన్‌లో ఆటోనగర్ చేరుతుంది. అక్కడ మరో నలుగురి సరుకుతో కలిసి పెద్ద లారీ ఎక్కుతుంది. ఈ-వే బిల్లులో పార్ట్-ఏ సరుకు వివరాలు, పార్ట్-బీ బండి వివరాలు. బండి మారితే పార్ట్-బీ మార్చాలి. కానీ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. రాష్ట్రం లోపల, సరుకు పంపేవారి చోటు నుంచి ట్రాన్స్‌పోర్టర్ చోటికి 50 కిలోమీటర్ల లోపు దూరమైతే పార్ట్-బీ నింపకపోయినా ఫర్వాలేదు. గుంటూరుకీ విజయవాడకీ మధ్య దూరం ముప్పై అయిదు కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది.

దీని ఫలితం ఏమిటంటే, ఈ ప్రాంతపు సరుకు తొలి అడుగు ప్రభుత్వ డేటాలో చట్టబద్ధంగానే కనిపించకుండా పోవచ్చు. ఆ మినీ వ్యాన్ కాజా టోల్ దగ్గర ఫాస్టాగ్ చూపించే ఉంటుంది, కానీ ఆ నంబరును ఈ సరుకుతో ముడిపెట్టే కాగితం ఒక్కటీ పోర్టల్‌లో ఉండదు. ఈ-వే బిల్లునే నమ్ముకున్న సాఫ్ట్‌వేర్, ఆటోనగర్‌లో లారీ నంబరు ఎక్కేదాకా సరుకు గుంటూరులోనే ఉందంటుంది. ఇంకో రకం సాఫ్ట్‌వేర్ ఉంది, వ్యాన్ జీపీఎస్‌ను సరుకుకు కట్టేసి కూర్చుంటుంది. సరుకు పెద్ద లారీలో ఏలూరు దాటుతుంటే, తెర మీద చుక్క మాత్రం వెనక్కి తిరిగొచ్చి గుంటూరు ఏటుకూరు రోడ్డులో టీ తాగుతుంటుంది.

సరుకు ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడాన్ని దానికదే ఒక సంఘటనగా, సమయంతో సహా, విడిగా నమోదు చేసుకుంటేనే ఈ చిక్కు విడుతుంది. ఆ సమాచారం గోడౌన్‌లో ఉన్న మనిషి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని అతను ఫోన్‌లో రెండు నొక్కులతో ఇవ్వగలిగేలా చేయడం, పది కొత్త ఏపీఐలు కలపడం కన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని. ఆ స్క్రీన్ చేయడానికి మాత్రం ఎవరూ సరదా పడరు.

రైలు వస్తే ఈ బొమ్మ మళ్లీ మారుతుంది. 2020 జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో ప్రత్యేక పార్శిల్ రైలు వెళ్లింది. 16 పార్శిల్ వ్యాన్లు, మొత్తం 384 టన్నులు. అప్పటిదాకా ఆ సరుకు లారీల్లో వెళ్లేది. లాక్‌డౌన్‌లో రోడ్డు దారి మూసుకుపోయింది. పూర్తి గూడ్స్ రైలు కట్టాలంటే 1,500 టన్నులకు పైగా సరుకు కావాలి, చిన్న వ్యాపారులకు అది కుదిరే పని కాదు, అందుకని పార్శిల్ రైలు పెట్టారు. లారీ నంబరు తప్పనిసరి అని గట్టిగా రాసుకున్న డేటాబేస్‌లో అలాంటి రైలుకు చోటే ఉండదు. ఆ గడిలో ఎవరో ఒకరు రైలు నంబరు కొడతారు, ఇంకొకరు 0000 కొడతారు. ఏడాది తర్వాత రిపోర్టు తీస్తే, 0000 అన్న లారీ ఆ కంపెనీలో అందరికన్నా ఎక్కువ కష్టపడిన బండిగా తేలుతుంది.

ఎక్సెల్ చేసే చేతబడి

గుంటూరు, విజయవాడల్లో అసలైన ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ ఎక్సెల్. దాని తర్వాతి స్థానం వాట్సాప్‌ది. పెద్ద కంపెనీ ఎంత ఖరీదైన ప్లాట్‌ఫామ్ కొన్నా, అందులోకి వచ్చే డేటాలో చాలా భాగం ఏదో ఒక మజిలీలో ఎక్సెల్‌లోంచి నడిచొచ్చిందే.

ఎండుమిర్చి కాయకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీలో సరుకు రకాన్ని చెప్పే నంబరు) 090421తో మొదలవుతుంది. దంచినా పొడి చేసినా 090422. కామాలతో విడదీసి రాసుకునే సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరవగానే ముందున్న సున్నా మాయమై 90421 మిగులుతుంది. సేవ్ కొడితే అంతే సంగతులు. ఇక 12 అంకెల ఈ-వే బిల్లు నంబరు గడిలో 1.81ఈ+11 లాగా కనబడుతుంది. దాన్ని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే మిగతా అంకెలు శాశ్వతంగా పోతాయి, ఆ ఫైలు నుంచి తిరిగి రాబట్టే దారి లేదు. 04-05 అన్న తేదీ కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి మే 4 అవుతుంది లేదా ఏప్రిల్ 5 అవుతుంది.

సున్నా పోయిన కోడ్‌ను మాత్రం తేలిగ్గానే పట్టుకోవచ్చు. ఈ కోడ్‌లు నాలుగు, ఆరు, ఎనిమిది అంకెల్లోనే ఉంటాయి కాబట్టి, అయిదు అంకెలో ఏడు అంకెలో కనిపిస్తే ముందు సున్నా రాలిపోయిందని అర్థం. ప్రోగ్రామే దాన్ని సరిచేసుకుని ముందుకు పోవాలా, ఫైలును తిప్పి పంపాలా అన్నదాని మీద ఇంజనీర్లు గంటలు గంటలు వాదించుకుంటారు. సున్నా విషయంలో సరిచేసుకోవచ్చు, ఎందుకంటే అక్కడ ఊహకు తావు లేదు. తేదీ విషయంలో ఎప్పటికీ సరిచేయకూడదు. ఊహించి సరిచేసిన తేదీ ఎర్రర్ చూపదు, మూడు నెలల తర్వాత కిరాయి బిల్లులో బయటపడుతుంది. తిప్పి పంపితే తిట్టుకుంటారన్నది నిజమే, కానీ ఆ తిట్లు వారంలో సర్దుకుంటాయి.

టిక్కీ అంటే ఎంత?

యార్డులో ధర క్వింటాలుకు చెబుతారు, రాక టిక్కీల్లో లెక్కపెడతారు. ఈ-వే బిల్లు, ఇన్‌వాయిస్‌లకు ప్రభుత్వం ఇచ్చిన కొలతల జాబితాలో కిలో, క్వింటాల్, టన్ను, బస్తా ఉన్నాయి. టిక్కీ లేదు. కాబట్టి టిక్కీ బస్తాగా మారి పోర్టల్‌లోకి వెళ్తుంది. టిక్కీ బరువు 40 నుంచి 45 కిలోల మధ్య ఎంతైనా ఉండవచ్చు. కోడ్‌లో ఎక్కడో ఒకచోట టిక్కీ ఈజ్ ఈక్వల్ టు 40 అని రాసేస్తే, మన 400 టిక్కీల లారీలో రెండు టన్నుల దాకా తేడా రావచ్చు.

బరువు కూడా ఒక్కటి కాదు. యార్డులో కాటా వేసినప్పుడు ఒకటి, లోడయ్యాక వేబ్రిడ్జి మీద ఇంకొకటి, కోల్‌కతాలో దించాక మరొకటి. మిర్చిలో తేమ ఉంటుంది. కల్లంలో ఆరి వచ్చిన సరుకు, నెలల తరబడి ఏసీలో ఉండి బయటికొచ్చిన సరుకు దారిలో ఒకేలా ప్రవర్తించవు. (కోల్డ్ స్టోరేజీని ఇక్కడ ఏసీ అనే అంటారు. ఏసీ సరుకు అని రాసిన గడిని చూసి బయటి ఊరి ప్రోగ్రామర్ ఎయిర్ కండిషనర్లు అనుకుంటే తప్పు అతనిది కాదు.) డేటాబేస్‌లో బరువు అని ఒకే గడి పెట్టి, ఆఖరికి వచ్చిన అంకెతో పాతదాన్ని చెరిపేస్తూ పోతే షార్టేజీ గొడవ వచ్చిన రోజు చూపించడానికి ఏమీ మిగలదు. ఎంత పంపారు, ఎంత ఎక్కింది, ఎంత దిగింది అనేవి మూడు విడి సంగతులు. మూడూ పక్కపక్కనే ఉండాలి, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో కూడా ఉండాలి.

అర్ధరాత్రి దాటాక

మన లారీ కాగితాలు అర్ధరాత్రి దాటాక వచ్చాయని చెప్పుకున్నాం. సర్వర్లు చాలావరకు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో నడుస్తాయి, మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. 14వ తేదీ మొదలైన నాలుగు నిమిషాలకు, అంటే రాత్రి 12 గంటల 4 నిమిషాలకు పుట్టిన ఈ-వే బిల్లు, యూటీసీలో 13వ తేదీ సాయంత్రం 6 గంటల 34 నిమిషాలకు పుట్టినట్టు. మామూలు రిపోర్టులో అయితే ఒక రోజు తేడాతో పోయేది ఏమీ లేదు. ఈ-వే బిల్లుకు గడువు ఉంది, అక్కడే ఇబ్బంది.

2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు, అంతకుముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. కోల్‌కతా దూరం 1,200 పైచిలుకు అనుకుంటే ఏడు రోజులు. మొదటి రోజు ముగిసేది బిల్లు పుట్టిన మర్నాటి అర్ధరాత్రికి. అంటే 14 తెల్లవారుజామున పుట్టిన బిల్లుకు మొదటి రోజు 15వ తేదీ ముగిసే అర్ధరాత్రి దాకా నడుస్తుంది. తేదీని 13గా లెక్కేసిన సాఫ్ట్‌వేర్‌కు గడువు ఒక రోజు ముందే అయిపోతుంది. ఇంకా ఇరవైనాలుగు గంటలు చేతిలో ఉన్న డ్రైవర్‌కు బండి ఆపమని ఫోన్ వెళ్తుంది. గడువు పొడిగించుకునే వీలు అది తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరాక ఎనిమిది గంటల వరకే. ఇటువైపు తప్పు టెన్షన్‌తో పోతుంది. అదే తప్పు అటువైపు జరిగి, గడువు తీరిన బిల్లుతో బండి దొరికితే జీఎస్‌టీ చట్టం సెక్షన్ 129 కింద పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చు.

సంఘటనలు వరసగా రావన్నది ఇంకో సంగతి. సిగ్నల్ లేని చోట జీపీఎస్ పెట్టె డేటాను తన దగ్గరే దాచుకుని, సిగ్నల్ తగలగానే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. దారిలో తర్వాత తగిలే పొట్టిపాడు టోల్ రికార్డు ముందొచ్చి కాజా రికార్డు తర్వాత రావచ్చు. జవాబు అందలేదని పంపినవాడు అదే మెసేజ్ మళ్లీ పంపితే ఒకే టోల్ రెండుసార్లు దాటినట్టు అవుతుంది. లెక్కపెట్టిన టిక్కీ మీద గుర్తు పెట్టినట్టు, ప్రతి మెసేజ్‌కూ ఒక గుర్తు ఉండి, చూసిన గుర్తే మళ్లీ వస్తే పక్కన పెట్టేయాలి. సంఘటన జరిగిన సమయం, మనకు తెలిసిన సమయం రెండూ దాచుకోవాలి. ఇవి పుస్తకాల్లో ఉన్న విషయాలే, అందరికీ తెలిసినవే.

బండి చేరింది

పుస్తకాల్లో లేనిది మాటల అర్థం. పెద్ద కంపెనీలు, ముఖ్యంగా విదేశాలతో వ్యాపారం చేసేవి, ఇప్పటికీ కంపెనీల కంప్యూటర్ల మధ్య నడిచే ఈడీఐ ఫైళ్లలోనే మాట్లాడతాయి. 1979లో మొదలైన అమెరికా వాళ్ల ఎక్స్12, 1987లో ఐఎస్‌ఓ ప్రమాణమైన ఎడిఫ్యాక్ట్ ఇంకా బతికే ఉన్నాయి. ఎక్స్12లో సరుకు స్థితి చెప్పే మెసేజ్ పేరు 214. అందులో ఎక్స్1 అంటే దించాల్సిన చోటికి బండి చేరింది. డీ1 అంటే దించడం పూర్తయింది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఈ రెంటికీ ఉన్నది ఒకే మాట: బండి చేరింది. డ్రైవర్ గేటు బయట నిలబడి ఫోన్ చేసినా అదే అంటాడు, సరుకు దించేసి ఖాళీ బండితో ఫోన్ చేసినా అదే అంటాడు. గుమస్తాకు డ్రైవర్ గొంతును బట్టి, ఫోన్ వచ్చిన వేళను బట్టి ఏదో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో బండి చేరింది అన్న బటన్ ఒకటే పెట్టి, దాన్ని డీ1కి కలిపేశారనుకోండి. గేటు బయట రెండు రోజులు ఎదురుచూసిన లారీకి హాల్టింగ్ ఛార్జీ అడగడానికి ఆధారమే ఉండదు, ఎందుకంటే కంపెనీ రికార్డుల్లో ఆ బండి చేరిన క్షణానే ఖాళీ అయిపోయింది. ఏ మాటకు ఏ కోడ్ అని చెప్పే మ్యాపింగ్ పట్టికలో ఒక వరస తప్పుకు లారీ ఓనర్ జేబు చిల్లు పడుతుంది. ఇంటిగ్రేషన్‌ను సాంకేతిక సమస్యగా మాత్రమే చూసే టీములకు ఈ చిల్లు ఎప్పటికీ కనిపించదు, వాళ్ల దగ్గర ఎర్రర్ లాగ్ శుభ్రంగా ఉంటుంది.

2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు వచ్చిన యూలిప్ అనే ప్రభుత్వ డేటా వేదిక చాలా పైపులను ఒక చోటికి చేర్చింది. బండ్ల వివరాలకు వాహన్, లైసెన్సులకు సారథి, టోల్ రికార్డులకు ఫాస్టాగ్, రైల్వే సరుకుకు ఎఫ్‌ఓఐఎస్, ఇలా ఒక్కోదాని కోసం ఒక్కో ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. అది మంచి మార్పే. కానీ రోడ్డు మీద వెళ్లే బండి గురించి అక్కడ అడగాలన్నా ఇవ్వాల్సింది లారీ నంబరే. నంబరు తప్పయితే తప్పు లారీ వివరాలు మరింత వేగంగా వస్తాయి.

కాబట్టి ఎంత చేసినా కొన్ని రికార్డులు కలవకుండా మిగులుతాయి. వాటిని ఏం చేయాలన్నదే మంచి సిస్టమ్‌కీ మామూలు సిస్టమ్‌కీ తేడా. మామూలు సిస్టమ్ వాటిని ఇంగ్లిష్‌లో ఎర్ర అక్షరాలతో ఒక జాబితాలో పడేస్తుంది, దాన్ని తెరిచేవాళ్లు ఉండరు. మంచి సిస్టమ్ రెండు రికార్డులను పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ ఒకటేనా అని తెలుగులో గుమస్తాను అడుగుతుంది. అతను చెప్పిన జవాబును, ఎవరు చెప్పారన్నదానితో సహా దాచుకుంటుంది. అతను చాలాసార్లు తెర పూర్తిగా చూడకుండానే చెప్పేస్తాడు: "ఆ బండి పోయిన నెలే చిలకలూరిపేట వాళ్లకి అమ్మేశారండీ, ఇంకా మా పేరు మీద చూపిస్తోందేంటి?"

ఆ మాట దాచుకోవడానికి పట్టికలో రెండు గడులు కావాలి. ఈ బండి ఈ ఓనరుది ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. మొదటి గడి చాలామంది పెడతారు.